జెనర్ కార్డుల కట్ట: అంతఃస్ఫురణను పరీక్షించడానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఫోన్ మోగగానే, చూడకుండానే, ఎవరు చేస్తున్నారో తట్టడం, దూరాన ఉన్న ఆత్మీయులకు ఏదో అయిందని మనసు కీడు శంకించడం వంటి అనుభవాలను భ్రమలని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. అయితే నిజమైన శంకలు గుర్తుండిపోయి, వట్టివైపోయినవి మరుగున పడిపోతాయి కనుక, జ్ఞాపకం జోక్యం లేకుండా పరీక్షించుకునే సాధనం అవసరమనిపించి ఈ కట్టను కొన్నాను.

ఇందులో వృత్తం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం అనే 5 చిహ్నాలు ఒక్కొక్కటి 5 ముక్కల చొప్పున మొత్తం 25 ముక్కలున్నాయి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 1930ల తొలినాళ్లలో, అతీంద్రియ జ్ఞానంపై జె.బి. రైన్ చేసిన పరిశోధనల కోసం మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ జెనర్ రూపొందించిన నమూనా ఇదే. ఒకరు ముక్క తీస్తే, దాని మీది చిహ్నాన్ని మరొకరు చూడకుండానే ఊహించి చెప్పాలి; 25 ముక్కలూ పూర్తయితే ఒక విడత. ఏ శక్తీ లేకుండా నోటికొచ్చినట్టు చెప్పినా, సగటున 5 సరిపోతాయి.

అచ్చు చూడముచ్చటగా ఉన్నా, అట్ట పలచన. టేబుల్ లైటు వెలుగు ఏటవాలుగా పడితే, ముక్క వెనుక నుంచి నక్షత్రం కొనలు లీలగా కనిపిస్తాయి. అలల గీతల ఉబ్బు వేలికొసకు తగులుతుంది. ఇలాంటి పరీక్షలో ఇది చిన్న లోపం కాదు, ఎందుకంటే రైన్ వాడిన తొలి కార్డుల మీద వచ్చిన ప్రధాన విమర్శల్లో ఇదీ ఒకటి. ముక్కలు తీసేవారు ఒక గదిలో, ఊహించేవారు మరో గదిలో కూర్చుంటే ఈ ఇబ్బంది తొలగుతుంది. 1933-34లో రైన్ సహచరుడు ప్రాట్ ఒక భవనంలో ముక్కలు తీస్తుంటే, విద్యార్థి పియర్స్ వేరే భవనంలో కూర్చుని చెప్పిన 1850 ఊహల్లో, యాదృచ్ఛికంగా 370 సరిపోవలసిన చోట 558 సరిపోయాయి. ఆ అంకెలు ఇప్పటికీ నన్ను ఆలోచింపజేస్తాయి. ఊహలు చెబుతున్నప్పుడు పియర్స్ మీద ఎవరి నిఘా లేదన్న మనస్తత్వ శాస్త్రవేత్త, విమర్శకుడు హాన్సెల్ ఆక్షేపణ కూడా అంతే బలమైనది.

కట్టతో ఇచ్చిన చిన్న పుస్తకం మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. ఒక విడతలో 7 సరిపోతే అంతఃస్ఫురణ ఉన్నట్టేనని అందులో రాశారు. లెక్క ప్రకారం, కేవలం యాదృచ్ఛికంగానే సుమారు 5 విడతల్లో ఒకసారి 7 గానీ అంతకు మించి గానీ సరిపోతాయి. ఊహ చెప్పిన వెంటనే ముక్క తిప్పి చూపమనడం మరీ పొరపాటు: పోయిన ముక్కలను లెక్కపెట్టుకునేవారికి చివరి ముక్క ఏదో ముందే తెలిసిపోతుంది.

బిడ్డ కోసం తల్లి మనసు తల్లడిల్లడం వంటి అనుభవాన్ని ఈ నిర్జీవ చిహ్నాలు కొలవలేవన్నది నా అభిప్రాయం. అయినా, ఓపికగా ప్రతి ఊహనూ ముందుగా రాసిపెట్టుకుని, విడత పూర్తయ్యాకే సరిచూసుకునేవారు ఈ కట్టను నిస్సంకోచంగా కొనవచ్చు. తయారీదారు మాత్రం మందపాటి అట్ట వాడి, ఆ పుస్తకాన్ని తిరగరాయించాలి.