విండోస్‌లో పైథాన్‌తో తెలుగు పాఠ్యం: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

తొమ్మిదేళ్లుగా విండోస్ కంప్యూటర్ మీదే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను వాడుతున్నాను. పుస్తకాల జాబితాలు సరిచేయడం, పదాలను అకారాది క్రమంలో పేర్చడం, స్కాన్ చేసిన పాఠ్యంలో తప్పులు వెతకడం వంటి పనులే ఎక్కువ. నేర్చుకునే రోజుల్లో ఏ చిక్కు గురించి అడిగినా, అది విండోస్ సంగతి, ప్రోగ్రామింగ్ సంగతి కాదు అని పక్కన పెట్టేవారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ విభజనను నేను ఒప్పుకోలేకపోతున్నాను.

మొదటి ఏడాది జరిగినది చెబుతాను. పేర్ల జాబితా ఉన్న ఫైలును తెరిచి చదివే నాలుగు వరుసల ప్రోగ్రాం మిత్రుడి లినక్స్ మీద చక్కగా నడిచింది. నా దగ్గర మాత్రం ‘సీత’ అన్న పేరు తొమ్మిది పిచ్చి గుర్తులుగా, మధ్యలో ఒక యూరో గుర్తుతో సహా కనిపించింది. ‘రాముడు’ అన్న పేరు చేర్చగానే ప్రోగ్రాం ఆగిపోయి, హెక్సాడెసిమల్‌లో (పదహారు అంకెల లెక్కలో) 81 అనే బైటును (ఫైలులో దాచే చిన్న ప్రమాణాన్ని) చదవలేకపోయానని చెప్పింది. ఫైలే పాడైందనుకుని జాబితా మొత్తం మళ్లీ టైపు చేశాను.

కారణం తెలిశాక, లోపం నా ఫైలులో లేదని అర్థమైంది. అక్షరాలను బైట్లుగా మార్చి దాచే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. నా ఫైలు యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో ఉంది. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. ఎన్‌కోడింగ్ ఏదో మనం చెప్పకపోతే పైథాన్ ఆపరేటింగ్ సిస్టం సెట్టింగును బట్టి నడుచుకునేది. మన దేశపు ఇంగ్లీషు విండోస్‌లో అది సాధారణంగా 1252 అనే పాత కోడ్‌పేజీ, అంటే ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక. అందులో 81, 8డి, 8ఎఫ్, 90, 9డి అనే ఐదు స్థానాలు ఖాళీ. కొమ్ము చివరి బైటు 81, పొల్లుది 8డి. అందుకే కొమ్ము గాని, పొల్లు గాని ఉన్న మాట దగ్గర ప్రోగ్రాం ఆగిపోతుంది. ‘సీత’ వంటి మాట మాత్రం ఏ హెచ్చరికా లేకుండా లోపలికి వచ్చి, (‘స’, గుడిదీర్ఘం, ‘త’ కలిపి) మూడు ఉండవలసిన పొడవును తొమ్మిదిగా చూపిస్తుంది. ఆగిపోవడం కంటే ఈ మౌనమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

భాష తనంతట తాను నిర్ణయించుకోకుండా కింద ఉన్న వేదికకు, అంటే ఆపరేటింగ్ సిస్టంకు వదిలేసిన విషయమిది. కాబట్టి దీన్ని భాషతో పాటే నేర్పాలి. ఫైలును తెరిచే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయడం అన్ని వేదికల మీదా చెల్లే అలవాటు, కానీ దాని అవసరం నాకు తెలిసినది విండోస్ వల్లనే. ఫైలు దారుల్లో వాలుగీతల తేడా ఇంత లోతైనది కాదు, పైథాన్‌లోని పాత్‌లిబ్ అనే మాడ్యూల్ వాడితే తీరిపోతుంది.

మెరుగుదల మాత్రం నిజంగా ఉంది. 2016లో వచ్చిన పైథాన్ 3.6తో కన్సోల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) తెలుగు ముద్రించడం కుదిరింది. అయితే అదే ఫలితాన్ని ఫైలులోకి మళ్లిస్తే పాత కోడ్‌పేజీ మళ్లీ అడ్డుపడేది. తెర మీద బాగా కనిపించినది ఫైలులోకి వెళ్లకపోతే కొత్తవారు ఎంత తికమకపడతారో నాకు బాగా తెలుసు. 2018లో 3.7 తెచ్చిన యూటీఎఫ్-8 మోడ్‌ను (మనం చెప్పకపోయినా యూటీఎఫ్-8నే వాడే అమరికను) ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అనే సిస్టం సెట్టింగుతో శాశ్వతంగా పెట్టుకున్నాక నా పని సాఫీగా సాగుతోంది. 3.15 నుంచి దాన్నే డిఫాల్ట్ చేయాలన్న నిర్ణయం తెలుగు పాఠ్యంతో పనిచేసే మనకు ఎంతో మేలు.

తెలుగు పని కోసం విండోస్‌లో పైథాన్‌ను నేను సంకోచం లేకుండా సూచిస్తాను. ఒక్క జాగ్రత్త: సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టికను) ఎక్సెల్‌లో నేరుగా తెరిచేవారికి ఇవ్వాలంటే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ (ఫైలు మొదట్లో యూటీఎఫ్-8 గుర్తును చేర్చే రూపం) అని రాసి భద్రపరచండి, లేకపోతే అవే పిచ్చి గుర్తులు ఈసారి వారి తెర మీద కనిపించవచ్చు.