షేక్‌స్పియర్ ఇన్ లవ్, మోలియేర్: ఏది మేలు?

రాయలేక సతమతమయ్యే నాటక రచయిత, ప్రేమలో పడ్డాక దారి దొరకడం: రెండు సినిమాల కథా ఇదే. 'షేక్‌స్పియర్ ఇన్ లవ్' 1998లో వచ్చింది, ఫ్రెంచ్ సినిమా 'మోలియేర్' 2007లో. రెండిట్లోనూ ప్రేమకథ కల్పితమే. మొదటిదాంట్లో షేక్‌స్పియర్ తన ప్రేమలోంచే 'రోమియో జూలియట్' రాస్తాడు, నిజానికి ఆ నాటకానికి ఆధారం 1562లో ఆర్థర్ బ్రూక్ అచ్చువేయించిన కావ్యం.

నా ఓటు మాత్రం మొదటిదానికే. నాటకం ఎలా పుడుతుందో అందులో మన కళ్ళముందే జరుగుతుంది. 1593 లండన్. విల్, అంటే షేక్‌స్పియర్, వీధిలో పోతుంటే, ఒక మతబోధకుడు ఊళ్ళో ఉన్న రెండు నాటకశాలలకూ కలిపి శాపనార్థాలు పెడుతుంటాడు: ఆ రెండు ఇళ్ళకూ మహమ్మారి తగలాలని. 'రోమియో జూలియట్'లో రోమియో స్నేహితుడు మెర్క్యూషియో చనిపోతూ అనే మాట అదేనని నాటకం తెలిసినవాళ్ళకు చటుక్కున తడుతుంది. రాత్రి ప్రియురాలు వయోలాతో ఆడుకున్న మాటలు పగలు రిహార్సల్లో డైలాగులైపోతాయి. ఈ అల్లికే నాకు ప్రాణం. అప్పట్లో అక్కడ ఆడవాళ్ళు స్టేజీ ఎక్కకూడదు, అందుకే వయోలా మగవేషంలో ట్రూపులో చేరుతుంది. స్థానం నరసింహారావు సత్యభామ గురించి విన్న మనకు ఆ పద్ధతి కొత్తేమీ కాదు. రాణి ఎలిజబెత్‌గా జూడీ డెంచ్ కనిపించేది సుమారు 8 నిమిషాలే, అయినా ఆస్కార్ తెచ్చుకుంది.

'మోలియేర్'లో హీరో అప్పులపాలై జైలుకెళ్తాడు. జుర్దాన్ అనే డబ్బున్న ఆసామి ఆ బాకీ తీర్చి, తనకు నటన నేర్పమని ఇంటికి తెచ్చుకుంటాడు. ఆ ఇంటావిడ ఎల్మీర్ మీద మోలియేర్ మనసు పడతాడు. అతని ధ్యాసంతా విషాద నాటకాల మీదే, జనం చూస్తే అతని హాస్యానికే నవ్వుతారు. మనసు లోతులు తాకే హాస్యం ఇంతవరకూ లేకపోతే నువ్వే పుట్టించు అంటుంది ఎల్మీర్. వయోలా విల్‌కు కావలసిన నాటకం ఇచ్చింది, ఎల్మీర్ మోలియేర్‌కు తన దారేదో చూపించింది. ఈ ఒక్క విషయంలో రెండోదే గొప్పదని ఒప్పుకోవాలి.

చిక్కల్లా ఏమిటంటే, జుర్దాన్, ఎల్మీర్, జుర్దాన్ మోజుపడే సెలిమేన్ అందరూ మోలియేర్ నాటకాల్లోని పాత్రలే. ఆ నాటకాలు తెలియకపోతే సగం చమత్కారం జారిపోతుంది. రోమియో జూలియట్ కథ మనలో చాలామందికి ముందే తెలుసు కాబట్టి మొదటిదాంతో ఆ ఇబ్బంది లేదు. కాకపోతే అందులో పడకగది సన్నివేశాలున్నాయి, పిల్లలతో కూర్చుని చూడొద్దు. 'మోలియేర్' పెట్టుకునే ముందు మోలియేర్ నాటకం 'తార్తూఫ్' కథ ఒకసారి చదువుకోండి, సరదా రెట్టింపవుతుంది.