.32 పిస్టల్‌కు ఒరిజినల్ మ్యాగజైనా, బయటిదా?

9 ఎం.ఎం. పారాబెల్లం మన దేశంలో నిషేధిత బోరు, అంటే మామూలు లైసెన్సుకు దొరకని తూటా కొలత. అందుకే విశాఖలో లైసెన్సు మీద పిస్టల్ అనగానే మాట .32 మీదికే వస్తుంది. ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వారి అశని గానీ, చేతులు మారుతూ వచ్చిన వాల్థర్ పీపీ, పీపీకే లాంటి పాత విదేశీ పిస్టల్ గానీ ఉంటుంది. చిక్కంతా ఈ పాతవాటితోనే. కంపెనీ మ్యాగజైన్ (తూటాలు నింపి పిస్టల్‌లో పెట్టే డబ్బా) దొరక్క, చేతికందిన కాపీ కొనేస్తుంటారు.

ముందే చెప్పేస్తాం: వెంట ఉంచుకునే పిస్టల్‌లో కాపీ మ్యాగజైన్ వద్దు. ఇటలీ మెక్-గార్ మాత్రం వేరు. చాలా పిస్టల్ కంపెనీలకు మ్యాగజైన్లు చేసి ఇచ్చేది ఆ సంస్థే కాబట్టి దాన్ని బయటి సరుకు కింద కొట్టేయలేం.

.32 తూటాకు అడుగున అంచు కాస్త బయటికి ఉంటుంది. అంచు వ్యాసం 9.1 మి.మీ., ఒళ్లు 8.5 మి.మీ. దగ్గర. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. వెనక్కి జారిందా, రెండూ కొక్కెం పడతాయి, స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) ఎంత లాగినా పై తూటా కదలదు. దీన్నే రిమ్‌లాక్ అంటారు. స్లైడ్ ఆడించినంత మాత్రాన ఇది విడిపోదు, మ్యాగజైన్ బయటికి తీయాల్సిందే. తూటా పూర్తి పొడవు 25 మి.మీ. ఒరిజినల్ డబ్బా లోపలి కొలత దానికి సరిపడా బిగువుగా ఉంటుంది. కాపీలో ముందూ వెనకా ఖాళీ ఎక్కువైతే గుండ్రటి ముక్కున్న మామూలు తూటాలు కూడా కొక్కెం పడతాయి. పొట్టిగా ఉండే హాలో పాయింట్ (ముక్కు దగ్గర గుంట ఉన్న) తూటాలైతే ఇంకా త్వరగా.

తర్వాత చూడాల్సింది ఫీడ్ లిప్స్, అంటే పైన తూటాను పట్టి ఉంచే రెండు రేకు పెదవులు. వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరం) ముందు, వెనక రెండు చోట్లా కొలిచి ఒరిజినల్‌తో పోల్చండి. ఎడం ఎక్కువైతే తూటా ముక్కు పైకెత్తుకుంటుంది, ఒక్కోసారి రెండేసి ఎగదన్నుతాయి. ఇరుకైతే స్లైడ్‌కు తూటా ఊడిరాదు. కాపీల్లో పల్చటి రేకు వాడితే ఈ పెదవులు వాడకంలోనే విచ్చుకుంటాయి. ప్లాస్‌తో నొక్కి సరిచేయొద్దు, రెండు వైపులా సమానంగా రాదు.

స్ప్రింగ్ నిండుగా ఉంచినందుకు పాడవదు. మాటిమాటికీ నింపి తీయడం వల్ల, హద్దుకు మించి నొక్కడం వల్ల నీరసిస్తుంది. అదే పొడవు డబ్బాలో ఒక రౌండు, అంటే తూటా, ఎక్కువ పడుతుందని అమ్మేవి అందుకే నమ్మొద్దు. నీరసించిన స్ప్రింగ్ చివరి రెండు తూటాల దగ్గర బయటపడుతుంది: తూటా పైకి వచ్చేలోపే స్లైడ్ మూసుకుపోతుంది. పీపీలో ఆఖరి రౌండు తర్వాత స్లైడ్ తెరుచుకునే ఉండాలి, ఉండకపోతే ముందు ఫాలోయర్‌నీ (స్ప్రింగ్ మీద కూర్చుని తూటాలను పైకి తోసే పలక), స్ప్రింగ్‌నీ అనుమానించండి.

పీపీకి 8 రౌండ్లది, పీపీకేకి 7 రౌండ్లది. ఒకటి బదులు ఇంకొకటి కొనొద్దు. డబ్బా మీద 7.65 అని (.32కే మిల్లీమీటర్లలో పేరు) ఉందో లేదో చూడండి. .380 అనే వేరే బోరుది పొరపాటున అంటగట్టేస్తారు.

పరీక్ష ఇంట్లో డమ్మీ తూటాలతోనే. అసలు తూటాలతో రేంజ్‌లో మాత్రమే. ప్రతి మ్యాగజైన్‌కూ నంబరు వేసి, ఏది మొరాయించిందో రాసుకోండి. అలా మొరాయించినది సాధనకే.

బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ వైపు ఉప్పుగాలికి స్ప్రింగ్ త్వరగా తుప్పెక్కుతుంది. నెలకోసారి విప్పి, పొడి గుడ్డతో తుడిచి, స్ప్రింగ్‌కు నూనె పూసి మళ్లీ తుడిచేయండి. లోపల నూనె మిగిలితే దుమ్ము పడుతుంది, తూటా అడుగున మంట పుట్టించే ప్రైమర్‌లోకి దిగితే తూటా పేలదు.

1959 ఆయుధాల చట్టం తుపాకీ భాగాలను కూడా తుపాకీగానే లెక్కిస్తుంది. లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరే, మీ లైసెన్సు చూపించి, బిల్లు తీసుకుని కొనండి. ఆన్‌లైన్‌లో ఎవరో పంపిస్తామంటే ఒప్పుకోవద్దు.