మేకు కనిపించని చెక్క గోడ, కొన్నేళ్ల వాడకం తరువాత

పైన్ మేలా టేకు మేలా, అడుగు ఎంత పడుతుంది అన్నవి డిపోవాళ్లే చెబుతారు. నేను చెప్పదలచింది మేకు గురించే.

తిరుపతిలో మా మేడ మీది గదికి, పడమటి గోడ బయటి వైపు, మందు ఎక్కించిన పైన్‌తో టంగ్ అండ్ గ్రూవ్ పలకలు (ఒక అంచున సన్నని నాలుక, రెండో అంచున అది దూరే గాడి ఉండేవి) అడ్డంగా వేయించాను. కొన్నేళ్లయినా చూడవచ్చినవాళ్లు దగ్గరికి వెళ్లి గోడను తడిమి, దేనితో అతికించారని అడుగుతూనే ఉన్నారు. అంత గోడ మీద ఒక్క మేకు తల కనిపించదు. ఆ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ సంబరమే.

కిటుకంతా నాలుకలో ఉంది. నాలుక పైకి, గాడి కిందికి వచ్చేలా కింది వరుస నుంచి మొదలుపెట్టాలి. తిరగేసి వేస్తే గాడిలో వాన నీళ్లు నిలుస్తాయి. నాలుక పలకతో కలిసే మూలలో మేకును సుమారు 45 డిగ్రీల వాలులో పెట్టి వెనుక రీపరులోకి, అంటే పలకలను పట్టి ఉంచే చెక్క బద్దలోకి, దించుతారు. సుత్తి నేరుగా తగిలితే నాలుక నలిగి పై పలక ఎక్కదు కాబట్టి చివరి దెబ్బలు మేకు తల మీద పంచ్ అనే ఉక్కు పుల్ల పెట్టి కొట్టాలి. ఆ తరువాత పై పలక గాడి మేకును కప్పేస్తుంది. మా వడ్రంగి ఆచారి పలకల చివర్లలో సన్నని డ్రిల్లు బెజ్జం వేయనిదే మేకు ముట్టలేదు. తుప్పు చారలు దిగకుండా స్టెయిన్‌లెస్ స్టీలు మేకులే తెప్పించమన్నాడు.

రీపరుకు ఒక్కటే మేకు కొడుతుంటే మొదట పిసినారితనం అనిపించింది. కానీ చెక్క పొడవునా పెద్దగా కదలదు, వెడల్పులో మాత్రం తేమకు ఉబ్బి ఎండకు కుంచించుకుంటుంది. రెండు అంచులూ బిగించేస్తే కదలడానికి దారి లేక చీలుతుంది. ఒక అంచునే పట్టి ఉంచితే రెండోది గాడిలో జారుతుంది. 2021 నవంబరులో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడి, ఊళ్లో వీధులు చెరువులైన వానలకు మా పలకల సందులన్నీ మూసుకుపోయాయి. మే నెలలో మళ్లీ గోరు పట్టేంత తెరుచుకున్నాయి. ఒక్క పలకా పగలలేదు, వంగలేదు.

తరువాత గదికి ఏసీ పెట్టించాం. బిగించినతను నీటి గొట్టాన్ని కిందిదాకా దించకుండా పలకల వెనుకే వదిలి వెళ్లాడు. వేసవంతా చుక్కచుక్కగా కారిన నీళ్లు కింది నుంచి మూడో వరుసలో చేరాయి. నల్లబడినచోట బొటనవేలితో నొక్కితే దిగబడింది. పిలిచి చూపిస్తే, ‘చెక్క అన్నాక తడవదా సార్’ అన్నాడు. తడుస్తుంది నాయనా, వానకు తడిస్తే వెనుక రీపర్ల సందులో గాలి ఆడి ఆరిపోతుంది. రోజంతా కారితే ఎప్పుడు ఆరాలి?

ఆచారి వచ్చి చాలాసేపు చూశాడు. ‘సార్, ఇది జడలాగా అల్లిన పని. ఈ ఒక్కటి రావాలంటే పైనున్నవన్నీ విప్పాలి. విప్పితే ఎన్ని నాలుకలు మిగులుతాయో నేను చెప్పలేను’ అన్నాడు. నేను ఇన్నాళ్లూ మురిసిపోయిన ఆ దాచిన మేకే ఇప్పుడు ఊడబెరికే కడ్డీకి అందదు.

చివరకు పలకను ఉన్నచోటనే కోశాడు. కటింగ్ మిషన్‌ను పలక మందం వరకే దిగేలా సరిచేసి, పొడవునా రెండు గాట్లు పెట్టి నడిమి ముక్క ఊడదీశాడు. మిగిలిన అంచులను ఉలితో తొలిచి, పాత మేకుల మొండేలు కోసేశాడు. అటక మీద దాచిన మిగులు పలక తీసుకుని దాని గాడికి ముందూ వెనుకా ఉండే పెదవుల్లో వెనుకదాన్ని చెక్కేశాడు. నాలుకను పై గాడిలోకి ఎక్కించి కింది అంచును లోపలికి నెట్టగానే ముందు పెదవి కింది నాలుక మీద కూర్చుంది. చూడముచ్చటైన పనితనం. అయితే నాలుక లోపలికి పోయాక మేకుకు చోటెక్కడిది? ముఖం మీదే కొట్టాల్సి వచ్చింది. తలలు లోపలికి దించి లప్పం పెట్టాం గానీ మధ్యాహ్నపు ఎండలో లప్పం చుక్కలు వరుసగా కనిపిస్తాయి. పైగా పాతవి ఎండకు ముదురు రంగుకు తిరిగితే ఇది పసుపుగా మెరుస్తోంది.

కాబట్టి నా మాటలు కొంచెం తగ్గించి తీసుకోండి. మా గోడకు పైన సజ్జ ఉంది, గది మేడ మీద కావడంతో మట్టి తగలదు, ఆచారి పక్క వీధిలోనే ఉంటాడు, వానల ముందు నూనె పూసే ఓపిక నాకుంది. ఇవి లేనివాళ్లకు వేయించుకోమని చెప్పలేను. వేయించేవాళ్లు ఏసీ గొట్టం, కుళాయి లైను ముందే ఖరారు చేసుకుని, అదే సరుకులో కొన్ని పలకలు అదనంగా తీసుకుని ఎండ తగిలేచోట పెట్టండి, రంగు కలుస్తుంది. వెనుక గోడకూ వేయించాలని నాకుంది. అటువైపు స్నానాలగది గొట్టాలున్నాయని మా ఆవిడ ఒప్పుకోవడం లేదు.