ఓపెన్‌సీవీని కంపైల్ చేస్తూ వస్తున్నవాడి మాట

బెంగళూరు పీణ్యలో ఒక చిన్న కర్మాగారానికి బోల్టులను కెమెరాతో తనిఖీ చేసే ప్రోగ్రాము రాయడం నా పని. చిత్రాలను విశ్లేషించే ఉచిత సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఓపెన్‌సీవీ 4.0 విడుదలైన 2018 చివరి నుంచి దాన్నే నమ్ముకున్నాను. దాన్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు. ఆ తిట్లలో చాలావరకు నాకే చెందాలని తర్వాత తెలిసింది.

మొదటి దెబ్బ వేగం మీది ఆశతో తగిలింది. నా కొత్త ల్యాప్‌టాప్‌లో ‘మార్చ్ నేటివ్’ (ఈ యంత్రపు ప్రాసెసర్‌కే సరిపోయేలా తయారు చెయ్యి అనే ఫ్లాగు, అంటే కంపైలర్‌కిచ్చే ఆదేశం) పెట్టి లైబ్రరీని కంపైల్ చేశాను, అంటే కోడ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మార్చాను. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్నట్టు, కర్మాగారంలోని పాత కంప్యూటర్‌లో అది మొదటి చిత్రం దగ్గరే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని కూలబడింది. ఆ ప్రాసెసర్‌కు ఏవీఎక్స్2 అనే కొత్త తరం వేగవంతమైన ఆదేశాలు తెలియదు. నిజానికి ఇంటెల్ యంత్రాల మీద ఓపెన్‌సీవీ 4 బేస్‌లైన్‌ను, అంటే ప్రాసెసర్‌లో తప్పక ఉండాల్సిన కనీస ఆదేశాలను, పాత ఎస్‌ఎస్‌ఈ3 దగ్గరే ఉంచుతుంది. ఏవీఎక్స్2 వంటి వాటికి వేరే కోడ్ సిద్ధం చేసుకుని, నడిచేటప్పుడు ప్రాసెసర్‌ను చూసి ఎంచుకుంటుంది. ఈ డిస్పాచ్ ఏర్పాటును నేనే చెడగొట్టుకున్నాను.

రెండోది ఇంకా సిగ్గుచేటు. కెమెరా ముందు బోల్టే లేకపోయినా ప్రోగ్రాము ‘మంచిది’ అని పచ్చదీపం వెలిగించేది. ఓ2 అనే మామూలు వేగపు ఫ్లాగుతో కంపైల్ చేస్తే తప్పు మాయం. ఇది మా కంపైలర్ జీసీసీ తప్పేనని వారం రోజులు వాదించాను. పక్క సీటులోని కర్నూలు అన్న వాదించలేదు. ‘‘నీ ఫ్లాగులు ఒకసారి చూపించు తమ్ముడూ’’ అన్నారు. నా కోడ్‌కు ఓ2 కన్నా దూకుడైన ఓఫాస్ట్ ఉంది. అంటే వేగం కోసం లెక్కల నియమాలను సడలించే ఫాస్ట్ మ్యాథ్ కూడా వచ్చినట్టే. అప్పుడు నాన్ (‘ఇది సంఖ్య కాదు’ అని చెప్పే విలువ) అసలు రాదని కంపైలర్ అనుకుంటుంది. ఖాళీ చిత్రంలో వైశాల్యం సున్నా, సున్నాను సున్నాతో భాగిస్తే నాన్. దాన్ని పట్టుకోవడానికి నేను రాసిన పరీక్షను కంపైలర్ అనవసరమని తీసేసింది. పరిమితి దాటిందా అని అడిగితే నాన్ ఎప్పుడూ దాటలేదనే అంటుంది, అందుకే పచ్చదీపం. ఆడలేక మద్దెల ఓడు అన్నది నేనే.

లైబ్రరీలో నాకు బాగా నచ్చినది ఇలాంటి చోట అందించే చేయూత. బిల్డ్ సమాచారాన్ని అడిగితే కంపైలర్, ఫ్లాగులు, బేస్‌లైన్, డిస్పాచ్ అన్నీ వరసగా చెబుతుంది. అనుమానం వస్తే మళ్లీ కంపైల్ చేయకుండానే ప్రోగ్రాము నడిపే ముందు పెట్టే సెట్టింగు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో ఏవీఎక్స్2ను ఆపి చూడవచ్చు. బేస్‌లైన్‌లో ఉన్నదాన్ని మాత్రం ఆపలేం. ఒకే చిత్రానికి రెండు యంత్రాల్లో చివరి దశాంశం తేడా వచ్చినప్పుడు ఇదే పనికొచ్చింది. ఎఫ్‌ఎంఏ అనే ఆదేశం ఉన్నచోట గుణకారం, కూడిక కలిసి ఫలితం ఒక్కసారే రౌండ్ అవుతుంది, లేనిచోట రెండుసార్లు. రెండూ సరైనవే. అప్పటి నుంచి సమానమా అని కాక, దగ్గరగా ఉన్నాయా అని పోల్చుతున్నాను.

నచ్చనివీ ఉన్నాయి. కంపైల్‌కు ముందు అమరికలు చేసే సీమేక్ దశలో, వేగం పెంచే ఇంటెల్ వారి ఐపీపీ భాగాన్ని నెట్ నుంచి దించుకుంటుంది. కర్మాగారంలో నెట్ లేదు. అది దిగలేదన్న హెచ్చరిక వందల వరసల్లో కలిసిపోతుంది, వేగం తగ్గాక గాని తెలియదు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నాలుగు కంపైల్ పనులు ఒకేసారి నడిపితే మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ కంపైలర్‌నే చంపుతుంది. రెండుకు తగ్గించి, రాత్రి పెట్టి పడుకోవడమే. పైథాన్‌తో నేర్చుకునేవారికి ఇవేవీ అక్కర్లేదు, సిద్ధంగా దొరికే ప్యాకేజీ చాలు.

మా బిల్డ్ ఫైలులో ఓఫాస్ట్ వరస ఇప్పటికీ ఉంది, కామెంట్ చేసి. దాని పక్కన అన్న స్వయంగా రాశారు: ‘బోల్టు ఉందో లేదో కళ్లతో చూసి తీయండి.’