సిటీస్: స్కైలైన్స్ 2 కొంటున్నారా? రిఫండ్ గడువులో అసలు సమస్య బయటపడదు, జాగ్రత్త

సిటీస్: స్కైలైన్స్ 2 అంటే మనమే నగరం కట్టి నడిపే కంప్యూటర్ ఆట. సేల్ వచ్చిన ప్రతిసారీ "అన్నా, లోపాలు దిద్దే ప్యాచ్‌లు వచ్చాయి కదా, సిటీస్ 2 ఇప్పుడు తీసుకోవచ్చా?" అని అడుగుతూనే ఉన్నారు. 2015లో మొదటి ఆట వచ్చినప్పటి నుంచి ఈ సిరీస్‌ను వదలకుండా ఆడుతున్నాను. ఈ ఆట మీద నాకు ప్రేమ ఉంది, కోపమూ ఉంది. ముందు మీ డబ్బుకు సంబంధించిన సంగతి చెప్తాను.

కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్న ఆట నచ్చకపోతే, కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. చాలా ఆటలకు ఆ రెండు గంటలు చాలు. దీనికి మాత్రం చాలవు. అంతసేపట్లో మీరు కట్టగలిగేది నాలుగు వీధులు, ఒక కరెంటు ప్లాంటు, కాస్త నీటి పైపులైను. జనం కొన్ని వేల మందే ఉంటారు కాబట్టి అంతా హాయిగా నడుస్తుంది, మీరూ సంతోషపడి ఆడేస్తారు. కానీ ఈ ఆటలో జనాభా అనేది ఊరికే తెరమీద కనిపించే అంకె కాదు. జనం ఎక్కడ ఉంటారు, ఏ పనికి పోతారు, ఏ దారిన వెళ్తారు అన్నది ఆట ఎప్పటికప్పుడు లెక్కగడుతూనే ఉండాలి. ఊరు లక్ష దాటి పెరిగేకొద్దీ ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. అప్పుడు మీరు మూడో స్పీడ్ నొక్కినా కాలం మొదటి స్పీడ్‌లో ఉన్నట్టే ఈడుస్తుంది. ఇష్టపడి కట్టుకున్న నగరం సరిగ్గా చూడముచ్చటగా తయారయ్యే వేళకు ఈ తంటా మొదలవుతుంది. రిఫండ్ గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. మన కుర్రాళ్లలో చాలామంది దగ్గర ఉండేవి 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు ల్యాప్‌టాప్‌లే. కనీస అవసరాల్లో జీటీఎక్స్ 970, 4 జీబీ అని చూసి మనకు సరిపోతుందిలే అనుకుంటారు. ఆ పక్కనే సిఫార్సు కింద ఉన్నది ఆర్‌టీఎక్స్ 3080, 10 జీబీ. ఆ రెండు కార్డుల మధ్య తేడా ఎంతో తెలిసినవాళ్లను అడగండి. ఈ అవసరాలు కూడా మొదట చెప్పినవి కావు, విడుదలకు ముందు 2023 సెప్టెంబరులో పెంచినవి. 2023 అక్టోబరు 24న ఆట రాబోతుండగా, అనుకున్న స్థాయి పనితీరు అందుకోలేకపోయామని తయారు చేసిన కొలోసల్ ఆర్డర్ వాళ్లే ప్రకటించారు. ఆట వచ్చాక కొందరు లోపలి మోడళ్లు తెరిచి చూస్తే, ఆకాశం నుంచి చీమంత కనిపించే మనుషుల నోట్లో పళ్లు కూడా విడివిడిగా చెక్కి ఉన్నాయి. ఎప్పటికీ ఎవరికీ కనపడని పళ్లు. దూరం నుంచి చూసినప్పుడు వాటి బదులు వాడాల్సిన తేలిక మోడళ్లు మాత్రం లేవు. చాలా ప్యాచ్‌లు వచ్చాయి, ఇప్పుడు అప్పటికంటే ఎంతో నయం. అయినా పెద్ద నగరానికి గట్టి ప్రాసెసర్ కావాల్సిందే.

మరి ఎందుకు వదల్లేకపోతున్నానంటే, రోడ్ల కోసం. మొదటి ఆటలో మూడు లేన్ల రోడ్డు వేసినా బండ్లన్నీ ఒకే లేన్‌లో బారులు తీరేవి. పక్కన రెండు లేన్లు ఖాళీగా ఉన్నా ఒక్కటీ కదిలేది కాదు. ట్రాఫిక్ మాడ్ (ఆటగాళ్లే తయారుచేసి పంచుకునే అదనపు మార్పు) వేసుకుని, కూడలి కూడలికీ బాణాలు దిద్దుకుంటే తప్ప ఊరు నడిచేది కాదు. ఇందులో బండ్లు లేన్ మారతాయి. ముందు ప్రమాదం జరిగితే పక్కనుంచి దారి చేసుకుని పోతాయి. దారి ఎంచుకోవడంలో సమయంతో పాటు ఖర్చు, సౌకర్యం కూడా చూసుకుంటాయి. రౌండబౌట్ కావాలంటే తీసుకొచ్చి కూడలి మీద పెడితే చాలు, కూర్చుంటుంది. మ్యాప్ మొదలుపెట్టేటప్పుడే ఎడమవైపు ట్రాఫిక్ ఎంచుకుంటే మన రోడ్లలాగే నడుస్తుంది. ఈ రోడ్డు పనిముట్లు అలవాటయ్యాక మొదటి ఆట తెరవాలంటే నాకు మనసు రావట్లేదు.

లోటుపాట్లూ ఉన్నాయి. విడుదలైనప్పుడు సైకిళ్లే లేవు. నగరాన్ని ఎంత అడ్డదిడ్డంగా కట్టినా లోపల్లోపల ప్రభుత్వ సబ్సిడీ వచ్చి ఆదుకునేది కాబట్టి దివాలా తీయడమే కష్టంగా ఉండేది. 2024 జూన్ ప్యాచ్‌లో ఆ సబ్సిడీలు తీసేశాక ఆటలో పస వచ్చింది. మాడ్లు మొదటి ఆటకు ఉన్నట్టు స్టీమ్ వర్క్‌షాప్ అనే చోట ఉండవు, ఆటను విడుదల చేసిన పారాడాక్స్ కంపెనీ నడిపే పారాడాక్స్ మాడ్స్ నుంచే దించుకోవాలి. ఏళ్ల తరబడి వర్క్‌షాప్‌లో పోగుచేసుకున్న భవనాలు ఇక్కడ పనికిరావు.

అన్నిటికన్నా ముఖ్యంగా, రాబోయే ప్యాక్‌లకు (ఆటకు అదనంగా అమ్మే సరుకుకు) ముందే డబ్బు కట్టించుకునే పెద్ద ఎడిషన్ల జోలికి పోకండి. 2024 మార్చిలో బీచ్ ప్రాపర్టీస్ అనే ప్యాక్ వచ్చింది. అందులో సరుకు లేదని ఆటగాళ్లు మండిపడ్డారు. తర్వాతి నెలలో పారాడాక్స్, కొలోసల్ ఆర్డర్ కంపెనీలు క్షమాపణ చెప్పి, దాన్ని ఉచితం చేసి, విడిగా కొన్నవాళ్లకు డబ్బు తిరిగిచ్చాయి. రాబోయే ప్యాక్‌లు కూడా కలిపిన అల్టిమేట్ ఎడిషన్ కొన్నవాళ్లకు మాత్రం అందులో కొంత భాగం వెనక్కి ఇవ్వడం కుదరదని, బదులుగా మరికొన్ని ప్యాక్‌లు, రేడియో స్టేషన్లు ఇస్తామన్నారు. నమ్మి ముందే మొత్తం కట్టినవాళ్ల చేతికి డబ్బు రాలేదు.

తక్కువ ధరకు కోడ్‌లు అమ్మే బయటి సైట్ల సంగతీ చెప్పాలి. పేరు రాయను గానీ, అలాంటి ఒక చోట నేను డబ్బు కట్టాక వచ్చిన కోడ్ వేరే ప్రాంతానికి చెందినది, మన అకౌంట్‌లో పనిచేయలేదు. మెసేజ్ పెడితే "డిజిటల్ వస్తువులకు రిఫండ్ లేదు" అని ఒకే జవాబు పదే పదే పంపారు. స్టీమ్ రిఫండ్ నియమం బయట కొన్న కోడ్‌లకు వర్తించదు. మిగిలే కొంచెం డబ్బు కోసం ఆ టెన్షన్ మనకెందుకు?

ఇంకో విషయం. 2025 నవంబరులో పారాడాక్స్, కొలోసల్ ఆర్డర్ విడిపోతున్నట్టు ప్రకటించాయి. ఇకపై ఈ ఆట బాధ్యత ఫిన్లండ్‌లోనే ఉన్న ఐస్‌ఫ్లేక్ స్టూడియోస్‌ది. పదేళ్లు ఈ సిరీస్‌ను మోసిన జట్టు పక్కకు తప్పుకోవడం నాకు బాధగానే ఉంది. కొత్తవాళ్లు ఎలా చేస్తారో చూడాలి. అందుకే "ముందు ముందు బాగుపడుతుంది" అన్న మాట నమ్మి కొనకండి, ఇవాళ ఉన్న ఆట నచ్చితేనే కొనండి.

తప్పదనుకుంటే సేల్‌లో మామూలు ఎడిషన్ ఒక్కటే, నేరుగా స్టీమ్‌లోనే తీసుకోండి. కొన్నాక ఊరు కట్టడం మొదలుపెట్టకండి. పారాడాక్స్ మాడ్స్‌లో ఇతరులు పంచుకున్న సేవ్ ఫైళ్లలో లక్ష జనాభా దాటిన నగరం ఒకటి దించుకుని మీ కంప్యూటర్‌లో తెరవండి. మూడో స్పీడ్ పెట్టి, రద్దీ కూడలి మీదకు కెమెరా దించి ఒక అరగంట నడిపి చూడండి. అది ఈడుస్తుంటే రెండు గంటలు దాటకముందే రిఫండ్ కొట్టేయండి.