2016 నుంచి వాడుతున్న సైంటిఫిక్ క్యాలిక్యులేటర్: సంకీర్ణ సంఖ్యలకీ, శ్రేణులకీ, గణితానుగమనానికీ ఎంతవరకు పనికొచ్చింది

2016 జూన్‌లో, బీఎస్సీలో చేరిన వారంలో అమలాపురంలో కొన్నాను దీన్ని. ఇంజనీరింగ్ పిల్లలందరి దగ్గరా కనిపించే రకమే. భిన్నాన్ని భిన్నంలా, వర్గమూలాన్ని వర్గమూలంలా తెర మీద చూపిస్తుంది. సమానం బటన్ మీద గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. బ్యాటరీ ఒకసారే మార్చాను. ఇప్పుడు పి.గన్నవరం దగ్గర మా ఊళ్లో సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. నా తర్వాత దీన్ని ఎక్కువగా నొక్కింది ఆ పిల్లలే.

ముందే ఒక మాట చెప్పాలి. ఇంటర్ పబ్లిక్ పరీక్షకీ, ఈఏపీసెట్‌కీ, జేఈఈ మెయిన్‌కీ క్యాలిక్యులేటర్‌ని లోపలికి రానివ్వరు. "మరి దీంతో పనేంటి మాస్టారూ?" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒక తండ్రి అడుగుతాడు. లెక్క చేయడానికి కాదండీ, చేసిన లెక్క సరిచూసుకోవడానికి అని చెబుతాను. మా దగ్గర నియమం ఒక్కటే. నోట్‌బుక్‌లో జవాబు కింద గీత గీసేదాకా మెషీన్‌ని ముట్టుకోకూడదు.

సంకీర్ణ సంఖ్యల సంగతి మొదట చెబుతాను, నాకు దీని మీద ఇష్టం పెరిగింది అక్కడే. సంకీర్ణ సంఖ్య అంటే 3 + 2ఐ లాంటిది, ఇందులో ఐ వర్గం −1; గ్రాఫ్ మీద దాన్ని (3, 2) బిందువుగా పెడతాం. మోడ్ నొక్కి 2 ఎంచుకుంటే కాంప్లెక్స్ మోడ్ వస్తుంది. అందులో షిఫ్ట్, 2, 1 నొక్కితే ఆయామం, అంటే ఆర్గ్యుమెంట్ (ఆ బిందువు దిశ ఎక్స్ అక్షంతో చేసే కోణం) దొరుకుతుంది. షిఫ్ట్, 2, 3 నొక్కితే సంఖ్య ధ్రువ రూపంలోకి, అంటే దూరం, కోణం ఉన్న రూపంలోకి మారుతుంది. −1 − ఐ కి ఆయామం ఎంత అని అడిగితే సగం మంది పిల్లలు 45 డిగ్రీలు అంటారు. వై ని ఎక్స్ తో భాగించి, 1 వచ్చింది కాబట్టి టాన్ విలోమం 45 అని రాసేస్తారు. మెషీన్ −135 చూపిస్తుంది. అప్పుడు గ్రాఫ్ కాగితం తీసి బిందువు పెట్టమంటాను. మూడో పాదంలో ఉన్న బిందువుకి మొదటి పాదం కోణం ఎలా వస్తుందో వాళ్లే వెతుక్కుంటారు. ఈ ఒక్క తప్పు సరిదిద్దడానికి నేను ఏడాదికి ఎన్నిసార్లు నోరు నొప్పెట్టించుకునేవాణ్ణో! తెర మీద ఆ మైనస్ గుర్తు చూశాక మళ్లీ చెప్పాల్సిన అవసరం చాలామందితో రాలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. తెర పైన డి అనే చిన్న అక్షరం ఉంటే డిగ్రీలు, ఆర్ ఉంటే రేడియన్లు. ఆర్ లో ఉంచి డిగ్రీల లెక్క చేసి, జవాబు తప్పనుకుని సరైన లెక్కని కొట్టేసిన పిల్లలున్నారు. మొదటి ఏడాది నేనూ చేశాను ఆ పని.

అసలు లోపం వేరే ఉంది. ఈ మోడల్ సంకీర్ణ సంఖ్యకి ఘాతాల్లో వర్గం, ఘనం దాకానే చేస్తుంది. (1 + ఐ)⁸ అని కొడితే మ్యాథ్ ఎర్రర్ అంటుంది. మొదట్లో చాలా చిరాకు పడ్డాను. డిమాయర్ సిద్ధాంతం చెప్పేటప్పుడు కావలసిందే పెద్ద ఘాతాలు కదా. తర్వాత ఒక దారి దొరికింది. 1 + ఐ కొట్టి సమానం నొక్కాలి. ఆ తర్వాత ఆన్స్ (అంతకుముందు వచ్చిన జవాబు) ఇంటూ (1 + ఐ) అని కొట్టి, సమానం బటన్ ఒక్కటే నొక్కుకుంటూ పోవాలి. 2ఐ, −2 + 2ఐ, −4, −4 − 4ఐ, −8ఐ, 8 − 8ఐ, 16. ఏడు నొక్కుళ్లకి ఎనిమిదో ఘాతం వచ్చేస్తుంది.

ఈ జవాబులన్నీ గ్రాఫ్ మీద పెట్టి కలపమన్నాను ఒక రోజు. ఒక్కో అడుగుకి 45 డిగ్రీలు తిరుగుతూ, దూరం √2 రెట్లు పెరుగుతూ బొమ్మ విచ్చుకుంది. గోదావరి లంక నుంచి వచ్చే అమ్మాయి ఒకతె చూసి, "ఆయ్, వరదలో సుడిలా ఉందండి" అంది. డిమాయర్ సిద్ధాంతం అంటే ఆ సుడే. సంకీర్ణ సంఖ్యకి ఎన్ వ ఘాతం తీసుకుంటే కోణం ఎన్ రెట్లవుతుంది, మాపం (మూలబిందువు నుంచి దూరం) ఎన్ వ ఘాతమవుతుంది. (1 + ఐ) ఎన్ వ ఘాతాన్నీ (1 − ఐ) ఎన్ వ ఘాతాన్నీ కూడమనే లెక్క బోర్డు పరీక్షలకి ఏళ్ల తరబడి చదివిస్తూ వచ్చినదే. ఒక సుడి పైకి తిరుగుతుంటే రెండోది అద్దంలో బొమ్మలా కిందికి తిరుగుతుంది, కూడితే ఐ భాగాలు రెండూ పోతాయి. ఆ మాట ఆ అమ్మాయి సూత్రం రాయకముందే చెప్పింది. పెద్ద ఘాతాలు నేరుగా చేసే కొత్త మోడల్ అయితే ఆ రోజు మేము ఆ బొమ్మ గీసేవాళ్లం కాదు.

మూలాల విషయంలో మాత్రం దీన్ని నమ్ముకోకూడదు. 8 కి ఘనమూలం అడిగితే 2 ఇచ్చి ఊరుకుంటుంది. మిగతా రెండూ కావాలంటే ఈక్వేషన్ మోడ్‌కి వెళ్లి, ఎక్స్³ − 8 = 0 కి గుణకాలు ఇవ్వాలి. అప్పుడు 2 తో పాటు −1 + 1.732ఐ, −1 − 1.732ఐ కూడా చూపిస్తుంది. నాలుగో మూలాలు, అయిదో మూలాలు అయితే చేత్తోనే.

శ్రేణులకి సిగ్మా బటన్ ఉంది. పదం, కింది హద్దు, పై హద్దు ఇస్తే మొత్తం చెబుతుంది. మొదటి పది ఘనాల మొత్తం 3025, అది 55 కి వర్గం. ఇలాంటివి సరిచూడటానికి బాగుంటుంది, దాని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఎక్కువ చెప్పాల్సింది ఇది మోసం చేసే చోట గురించి. 1 + 1/2 + 1/3 + ... శ్రేణి తీసుకోండి. పది పదాలకి 2.9289, నూరుకి 5.1873, వెయ్యికి 7.4854. వెయ్యి పదాలకి తెర ఖాళీగా పెట్టి చాలాసేపు ఆలోచిస్తుంది. మొత్తం 10 దాటాలంటే పన్నెండు వేల పైచిలుకు పదాలు కావాలి. ఇంత నెమ్మదిగా పాకుతుంటే ఎక్కడో ఆగిపోతుందని పిల్లలందరూ అన్నారు. మెషీన్ దగ్గర కూర్చున్నంతసేపూ నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ 14వ శతాబ్దంలోనే ఒరేమ్ అనే ఫ్రెంచి పండితుడు దీన్ని తేల్చాడు. 1/3 + 1/4 సగం కంటే ఎక్కువ. తర్వాతి నాలుగు పదాలూ కలిపి సగం కంటే ఎక్కువ. ఆ తర్వాతి ఎనిమిదీ అంతే. సగాలు ఎన్నైనా దొరుకుతూనే ఉంటాయి, కాబట్టి మొత్తానికి హద్దు లేదు. రెండు వరుసల్లో తేలిపోయింది.

పెద్ద సంఖ్యల దగ్గర ఇంకో ఇబ్బంది. చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అని గింజలు రెట్టింపు చేసుకుంటూ పోతే 64 గళ్లకి ఎన్ని అన్నది గుణశ్రేఢి లెక్క. మెషీన్ 1.844674407 ఇంటూ పది ఘాతం 19 అని చూపించి ఆగుతుంది, మిగతా అంకెలు కనపడవు. పాతకాలపు గణిత కవి పావులూరి మల్లనదని మనవాళ్లు చెప్పుకునే తెలుగు పద్యంలో ఆ ఇరవై అంకెలూ ఉన్నాయి! "శర శశి షట్క" అని మొదలవుతుంది. శర అంటే 5, శశి అంటే 1, షట్క అంటే 6. కుడి నుంచి ఎడమకి రాసుకుంటూ పోతే 18446744073709551615. నేను పిల్లలకి ముందు పద్యం ఇచ్చి, సంఖ్య రాయించి, తర్వాత సరిచూడమంటాను. 2 కి 32వ ఘాతం 4294967296, తెర మీద పది అంకెలూ పూర్తిగా కనిపిస్తాయి. దానికి ఒకటి తక్కువనీ ఒకటి ఎక్కువనీ గుణిస్తే మన జవాబు. ఆ గుణకారం ముక్కలు చేసుకుని కాగితం మీద చేయాలి. అరగంట పడుతుంది. చివరి అంకె కుదిరినప్పుడు గదిలో వచ్చే కేక కోసం ప్రతి ఏడాదీ ఈ లెక్క చేయిస్తాను.

ఆ ఒకటి ఎక్కువ సంఖ్య, 4294967297, దానికదే ఒక కథ. 2 కి 1, 2, 4, 8, 16వ ఘాతాలు తీసుకుని ఒకటి కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే. అది చూసి, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే అన్నీ అంతేనని 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. తర్వాతది ఇదే. కారణాంకాల బటన్ నొక్కితే 641 ఇంటూ 6700417 అని వచ్చింది. రెండోదాన్ని బ్రాకెట్‌లో పెట్టింది. మూడంకెల కంటే పెద్ద ప్రధాన కారణాంకాలను ఈ మెషీన్ వెతకదు, అందుకే ఆ బ్రాకెట్. 1732లో ఆయిలర్ అనే గణితవేత్త ఈ 641ని బయటపెట్టాడు. అంతటి ఫెర్మా అయిదు సార్లు నిజమైంది కదా అని నమ్మాడంటే, మూడు సార్లకే నమ్మేసే పదహారేళ్ల పిల్లల్ని ఏమనగలం?

గణితానుగమనం అంటే ఒక సూత్రం 1 కి నిజమని మొదటి మెట్టులో, ఏదో ఒక సంఖ్యకి నిజమైతే దాని తర్వాతి సంఖ్యకీ నిజమని రెండో మెట్టులో చూపించి, అన్ని సంఖ్యలకీ నిరూపించే పద్ధతి. అందులో ఈ మెషీన్ నాకు చేసిన మేలు, కొన్నిసార్లు నిజమైతే చాలదని చూపించడమే. టేబుల్ మోడ్‌లో ఎన్² + ఎన్ + 41 కొట్టిస్తాను. ఒక్కసారికి 30 వరుసలే చూపిస్తుంది. 1 నుంచి 30 దాకా అన్నీ ప్రధాన సంఖ్యలే. "నిరూపణ అయిపోయినట్టేనా?" అంటే తలలూపుతారు. 31 నుంచి మళ్లీ మొదలుపెట్టమంటాను. 39 దాకా బాగానే నడుస్తుంది. 40 దగ్గర 1681. కారణాంకాలు అడిగితే 41 వర్గం.

అప్పుడు కాలువ సంగతి చెబుతాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలారు, అది మొదటి మెట్టు. ఒక లాకు (కాలువకి అడ్డంగా నీరాపే తలుపుల కట్టడం) నిండితే తర్వాతి లాకుకి నీళ్లు తప్పకుండా చేరతాయి, అది రెండో మెట్టు. ఈ రెండూ ఖాయమైతే గన్నవరం అక్విడక్టు (నది మీదుగా కాలువని దాటించే వంతెన) దాటి వైనతేయ పాయకి అవతల సఖినేటిపల్లి శివారు దాకా నీరు అందుతుంది. ఆ చివర ఉన్న రైతు ప్రతి లాకు దగ్గరికీ వెళ్లి చూసి రానక్కర్లేదు. మెషీన్ చేసేది లాకులు ఒక్కొక్కటే చూసి రావడం. ముప్ఫై చూసొస్తుంది, నూరు చూసొస్తుంది. శివారు సంగతి దానికి తెలియదు. మొదటి మెట్టు ఎందుకని అడిగేవాళ్లకి ఇంకో లెక్క ఇస్తాను. 2 + 4 + ... + 2ఎన్ మొత్తం ఎన్² + ఎన్ + 5 అని రాసి రెండో మెట్టు చేయమంటాను. చక్కగా కుదురుతుంది. లాకులన్నీ బాగున్నాయి. కానీ ఎన్ 1 అయినప్పుడు ఎడమ 2, కుడి 7. అసలు బ్యారేజీ దగ్గర నీళ్లే వదల్లేదు. రైతు ఇళ్ల పిల్లలకి ఇది వెంటనే ఎక్కుతుంది, శివారుకి నీరందని ఏడాది ఇంట్లో ఎలా ఉంటుందో వాళ్లు చూశారు.

మన్నిక గురించి. 2022 జులైలో, భద్రాచలం దగ్గర గోదావరి 70 అడుగులు దాటిన వరదప్పుడు, కరెంటు లేని రోజుల్లో కూడా ఇది పనిచేసింది. పగటి వెలుగు చాలు. ఆ చెమ్మకి తర్వాత 2, 5 బటన్లు మొండికేశాయి. మొబైల్ రిపేర్ కుర్రాడు విప్పి, లోపల రబ్బరు ప్యాడ్ తుడిచి ఇచ్చాడు. సముద్రం దగ్గర ఊళ్లవాళ్లు మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంచుకోవడం మంచిది. నేను అప్పటి నుంచి అలాగే చేస్తున్నాను.

ఇంటర్ పిల్లాడికి విడిగా కొనక్కర్లేదు, ట్యూషన్‌లోనో ఇంట్లో అన్నయ్య దగ్గరో ఒకటి ఉంటే చాలు. డిగ్రీ, ఇంజనీరింగ్ వాళ్లకి తప్పనిసరి. సెకండ్ హ్యాండ్ కొంటుంటే బటన్లన్నీ ఒకసారి నొక్కి చూడండి, ముఖ్యంగా సమానం. తర్వాత కాంప్లెక్స్ మోడ్‌లో పెట్టి, 1 + ఐ ని 1 + ఐ తోనే ఏడుసార్లు గుణించండి. 16 రావాలి.